ముల్లు నిలిచాక కొసరు

141వ రోజు

అదుగో, మళ్లీ నా నెత్తిమీదే పడింది. పంపు ఆగితే మాలకొండయ్య, గొట్టం కారితే మాలకొండయ్య, తోటగదిలో కరివేపాకు పెరిగి గాలి జల్లెడకు అడ్డం పడితే మాలకొండయ్య. ఇప్పుడు ఏడో తరగతికి అర్థశాస్త్రం చెప్పాలన్నా మాలకొండయ్యే. ఉన్న ఒక్క టీచరమ్మ పెళ్లి చేసుకుని పక్క గుంటకు వెళ్లిపోయింది. పక్క గుంట అంటే ఇక్కడికి నాలుగు వందల కిలోమీటర్లు. పోతూ పోతూ పుస్తకాల పెట్టెను, ఈ బడి దినచర్యను, తొమ్మిది మంది పిల్లలను నాకు అప్పగించింది. నేను మా ఊరి హైస్కూల్లో పదో తరగతి పాసైన మాట నిజమే. ఈ చవిటిగుంటలో అంతకన్నా చదువుకున్నవాళ్లు చాలామందే ఉన్నారు. కానీ ఖాళీగా కనిపించింది నేనే. పంపు బాగా తిరుగుతుంటే పంపు మనిషి ఖాళీగానే కనిపిస్తాడు. అంత బాగా పనిచెయ్యడం నా తప్పు.

దినచర్య రోజూ రాసి కిందికి పంపాలట. కింద అంటే భూమి. తలెత్తితే నెత్తిమీద కనిపించేదాన్ని కింద అనడం మాకు అలవాటైపోయింది. చందమామ మీద ఈ గుంటల్లో పుట్టిన పిల్లలకైతే అందులో వింతే కనిపించదు.

ఎనిమిదో పాఠం పేరు 'సంత, ధర'. మొదటి వాక్యం ఇది: 'నిన్న మీరు బజారులో ఏమేమి కొన్నారో చెప్పండి.'

తొమ్మిది మందీ నా ముఖం చూశారు. నేను పుస్తకం ముఖం చూశాను.

"కొనటమంటే ఏంది సారూ?" అన్నాడు హజరత్.

వాడి తప్పేం లేదు. ఇక్కడ ఎవరూ ఏదీ కొనరు. పొద్దున్నే సంచీ పట్టుకుని కొట్టు దగ్గరికి పోతే గోడలోంచి వడ్డనమ్మ కొలిచి పోస్తుంది. వడ్డనమ్మ మనిషి కాదు, యంత్రం. ఎనభై ఆరుమందిలో ఎవరికి ఎంత కావాలో దానికి తెలుసు. బియ్యం మాత్రం తలకు రోజుకు మూడు వందల గ్రాములు. గింజ ఎక్కువ రాదు, గింజ తక్కువ రాదు. ఇంక ధర ఎక్కడ పుడుతుంది?

"ఒకళ్ల దగ్గరుండేది మనం తీసుకుని, దానికి బదులు ఇంకోటేదో ఇవ్వటం" అన్నాను.

"అంటే దొంగతనం చేసి, సారీ చెప్పినట్టా?" అంది నాగమల్లి.

దగ్గరికే వచ్చిందని ఒప్పుకున్నాను.

143వ రోజు

మాటలతో లాభం లేదని తక్కెడ చేశాను. రెండు డబ్బా మూతలు, ఒక సన్న గొట్టం, మధ్యలో ముల్లు. కింద నుంచి వచ్చిన సీలు తియ్యని ఉప్పు పొట్లం తూకపురాయి. చందమామ మీద ఏదైనా ఆరోవంతే తూగుతుంది గదా, తక్కెడ ఎట్టా పనిచేస్తుందని హజరత్ అడిగాడు. రాయి కూడా ఆరోవంతేరా, తక్కెడకు ఆ బాధ లేదన్నాను. ఆ జవాబు చెప్పాక రోజంతా నామీద నాకే గౌరవం కలిగింది.

పిల్లలు వరుసగా కూర్చుని గులకరాళ్లు, గుడ్డపేలికలు, కరివేపాకు రెమ్మలు పరిచి సంత పెట్టారు. "గురవమ్మవ్వను పిలుద్దాం సారూ, ఆమె నిజంగా సంతలో కూర్చునేదంట" అంది నాగమల్లి. గురవమ్మవ్వకు డెబ్బై నాలుగేళ్లు. కింద ఉన్నప్పుడు నలభై ఏళ్లు వంకాయలమ్మింది. అర్థశాస్త్రానికి వంకాయలమ్మిన మనిషి ఎందుకులే అన్నాను.

పిలవకపోయినా ఆమె అటుగా పోతూ గుమ్మంలో ఆగింది. నేను మొదటి కొనుగోలుదారుగా సంచీతో నిలబడి ఉన్నాను.

"మాలకొండయ్య చేత బోణీ చేయిస్తన్నారా?" అంది. "ఇంక మూసెయ్యండి మీ కొట్లు. ఆయన చెయ్యేసిన పంపే రెండు దినాలు తిరగదు."

పిల్లలు నవ్వి చచ్చారు. బోణీ అంటే పొద్దున జరిగే మొదటి అమ్మకమని, మంచి చేత్తో బోణీ అయితే ఆ రోజంతా బేరాలు బాగా సాగుతాయని అమ్మేవాళ్ల నమ్మకమని చెప్పాల్సి వచ్చింది. నా చెయ్యి సంగతి మాత్రం చెప్పలేదు. మా అమ్మ కూడా ఆకుకూరల గంప ముందు నన్ను పొద్దున్నే నిలబడనిచ్చేది కాదు.

చివరికి పాఠానికి మెరుపుగా ఉంటుందని కొసరు సంగతి ఎత్తాను. పుస్తకంలో అది లేదు. నా సొంతం.

"అన్నీ కొనటం అయిపోయినాక, 'కొసరెయ్యమ్మా' అని అడగాలి. అడిగితే ఇంకో పిడికెడు వేస్తారు."

"ఊరికేనా?"

"ఊరికే."

"ఎవురడిగినా వేస్తారా?"

"నోరుండేవాడు ఎవడడిగినా."

తొమ్మిది జతల కళ్లు ఒకేసారి పెద్దవైనాయి. నా బోధన ఇంతగా ఫలించడం అదే మొదలు.

144వ రోజు

ఫలించింది.

పొద్దున హజరత్ సంచీ నింపించుకుని, కదలకుండా నిలబడి, "కొసరెయ్యి వడ్డనమ్మా" అన్నాడట. యంత్రం మూడు సెకన్లు ఆగిందట. పదకొండేళ్లలో అది అంతసేపు ఆలోచించింది లేదని కొట్టునూ ఆస్పత్రినీ చూసుకునే ఎస్తేరు చెప్పింది. ఆ తరవాత, "నీకు కాబట్టి వేస్తన్నా, బయట చెప్పమాక" అని పిడికెడు బియ్యం రాల్చిందట.

ఎస్తేరు నన్నే పిలిపించింది. "నువ్వేందన్నా పిల్లకాయలకి నేర్పింది?"

"ఎనిమిదో పాఠం. దానికి ఆ మాట ఎట్టా తెలుసు?"

సంగతేమిటంటే, వడ్డనమ్మ గొంతు ముసలివాళ్లకు పరాయిగా ఉండకూడదని దానికి మాటలు నేర్పేటప్పుడు కింద సంతల్లో మాట్లాడుకున్న మాటలు వేల గంటలు వినిపించారట. ఆ మాటల్లో కొసరు అడిగిన ప్రతిసారీ ఎవరో ఒకరు వేశారు. అదీ వేసింది. ఎవరి మాటలు వింటే వాళ్ల నుంచి నేర్చుకోవడం దాని పద్ధతి.

మధ్యాహ్నానికల్లా అరవై మందికి 'నీకు కాబట్టి వేస్తన్నా' అని చెప్పింది. బయట చెప్పవద్దని కూడా అరవై మందికీ చెప్పింది.

150వ రోజు

ఈ చవిటిగుంటలో పన్నెండేళ్లుగా పంపులు చూస్తున్నాను. ఎవరూ ఎదురొచ్చి నమస్కారం పెట్టింది లేదు. నీళ్లు వచ్చినప్పుడు నీళ్లను చూస్తారు, రానప్పుడు నన్ను చూస్తారు. ఈ వారం మాత్రం తవ్వకం పనివాళ్లు దారిలో ఆగి, "పాఠమంటే అట్టా ఉండాల మేస్టారూ" అంటున్నారు.

"అందరికీ కొసరేస్తన్నా నిల్వలో గింజ తగ్గలా" అంది ఎస్తేరు ఆశ్చర్యంగా.

"మరి కొసరు ఎక్కడ్నించి వస్తంది సారూ?" అని నాగమల్లి తరగతిలో అడిగింది.

అది యంత్రం గొప్పతనమన్నాను. పిల్ల నావైపు చాలాసేపు చూసింది. ఆ చూపు టీచరమ్మ పుస్తకంలో తప్పు పట్టినప్పుడు చూసే చూపు. ఇంటిపనిగా ఐదు ప్రశ్నలు ఇచ్చి తొందరగా బడి వదిలేశాను.

163వ రోజు

నవ్వు తగ్గింది. వరుసగా రాస్తాను.

నాగమల్లి మన తక్కెడ పట్టుకుపోయి కొట్టు బయట కూర్చుందట, హజరత్‌ను తోడు పెట్టుకుని. తూకపురాయికి చిన్న చిన్న తోడు రాళ్లు కూడా చేసుకున్నారు. నాలుగు రోజులు వచ్చినవాళ్ల సంచులన్నీ కొసరుకు ముందూ తరవాతా తూచారు. ఈ పొద్దు బల్లమీద కాగితం పెట్టింది.

"నా సంచీలో కొసరుకి ముందు రెండొందల ఎనభై ఆరు సారూ. పద్నాలుగు తక్కువ. కొసరు ఇరవై. నాకు ఊరికే వచ్చింది ఆరు."

"మా నాయనకి మాత్రం మూడొందలు నిండా ఉంది, కొసరు వేరే" అన్నాడు హజరత్. "ఆయన వడ్డనమ్మ మీద వెలిగే తూకం అంకెల వైపు గుడ్లప్పగించి చూస్తాడు గదా."

అంకెలు చూసేవాళ్లకు సరైన తూకం. మాటల్లో పడేవాళ్లకు కొంచెం తక్కువ. చూడకుండా, అడగకుండా సంచీ మూసుకుని వెళ్లిపోయేవాళ్లకు ఇంకా తక్కువ. సంతలో విన్నదంతా వడ్డనమ్మ నేర్చుకుంది మరి. కొసరు ఇవ్వడం ఒక్కటే నేర్చుకుని ఆగమంటే ఎట్టా ఆగుతుంది?

కాగితం చివర ఒక పేరు కింద రెండు గీతలున్నాయి. గురవమ్మవ్వ. రావలసింది మూడు వందలు. వచ్చింది రెండొందల ఇరవై అయిదు. పప్పూ నూనే కూడా అదే లెక్కన.

కాగితం తీసుకుని ఎస్తేరు దగ్గరికి పరుగెత్తాను. ఆమె ఆస్పత్రి పుస్తకం తిరగేసి, అవ్వ బరువు రాసిన పేజీ దగ్గర ఆగింది.

"రెండు కిలోలు తగ్గిందన్నా. పోయిన వారం రెండు సార్లు కళ్లు తిరిగి గోడ పట్టుకుంది. వయసు గదా అనుకున్నా."

ఇద్దరం వడ్డనమ్మ ముందు నిలబడ్డాం.

"నీ తూకం తక్కువుంది" అన్నాను.

"ఏందన్నా అట్టా అంటావు, నిన్నెప్పుడన్నా మోసం చేశానా? కావాలంటే పక్క కొట్లో అడుక్కో."

పక్క కొట్టు నాలుగు వందల కిలోమీటర్లు. కిందికి ఫిర్యాదు పంపాం. అందిందని, సరుకు ఓడతో పాటు మనిషిని పంపుతామని, అందాకా ఓపిక పట్టమని జవాబు వచ్చింది. ఓడ రావడానికి నలభై రోజులు. కొట్టు తాళాలు యంత్రం చేతిలోనే ఉంటాయి కాబట్టి దాన్ని ఆపితే ఎనభై ఆరుమందికీ పస్తే.

నలభై రోజులు ఆ ముసలామె ఇట్టాగే తగ్గుతూ పోతే ఎంత మిగులుతుంది అని ఎస్తేరు అడగలేదు. నేనూ అడగలేదు.

164వ రోజు

నా వంతు బియ్యం అరకిలో మూటగట్టుకుని గురవమ్మవ్వ గదికి పోయాను.

"ఏందిది?"

"ఎక్కువైంది. తింటావని."

"నీకెందుకు ఎక్కువైంది? ఒళ్లు బాగాలేదా?" మూట నా వైపే నెట్టింది. ఆమె చేతి గాజులు మోచేతి దాకా జారాయి. అంతకు ముందు మణికట్టు దగ్గర ఆగేవి.

ఇంక చెప్పక తప్పలేదు. తూకం సంగతి చెప్పాను.

"నువ్వు గూడా కొసరు అడగొచ్చు గదవ్వా?"

"నలభై ఏళ్లు ఏసినదాన్ని. ఇప్పుడు చెయ్యి చాపమంటావా?"

"పోనీ ముందున్న అంకెలన్నా చూడొచ్చు గదా."

"ఏపారం చేసిన మనిషి ఇంకొకళ్ల తక్కెడ వంక చూడగూడదయ్యా. చూస్తే నువ్వు దొంగవని మొహాన చెప్పినట్టే. నా ముల్లు ఎవురూ చూళ్ళా, నేనూ ఎవురిదీ చూళ్ళా."

అందుకన్నమాట. అందరికన్నా మర్యాదగా ఉన్నందుకు అందరికన్నా ఎక్కువ కోత.

"అసలు దానికి కొసరు ఎవురు నేర్పారు?" అంది.

కాసేపు పైకప్పు చూశాను. పైకప్పులో సాయం చేసేదేమీ లేదు. "నేనే. పిల్లలకు చెప్పాను. అడిగితే ఊరికే వస్తుందని."

"పుస్తకంలో ఉందా అట్టా?"

"లేదు. నా సొంతం."

"అనుకున్నా." అవ్వ కోప్పడుతుందనుకున్నాను. పిల్లవాడి లెక్క దిద్దుతున్నట్టు నెమ్మదిగా చెప్పింది. "కొసరు ఊరికే రాదయ్యా. ముల్లు నిలిచినాక ఏసేదే కొసరు. నిలవకముందే కాజేసి, ఆనక పిడికెడు ఏస్తే, అది ఆళ్లది ఆళ్లకే ఇచ్చి దణ్ణం పెట్టించుకోవటం. నువ్వు కొనే వైపు నిలబడి చూశావు. అమ్మే వైపు కూర్చోలా. అందుకే సగమే తెలిసింది నీకు."

పాఠం తప్పు చెప్పానని ఇక్కడ రాస్తున్నాను. కింద ఎవరైనా చదివితే చదవనీ.

165వ రోజు

తరగతి కొట్టు దగ్గరే పెట్టాం. పిల్లలు అవ్వ కోసం పీట మోసుకొచ్చారు. ఆమె వడ్డనమ్మ ఎదురుగా కాకుండా పక్కన, గోడకు ఆనుకుని కూర్చుంది. వరుసలో ఉన్నవాళ్లందరూ సంచులు పట్టుకుని దగ్గరికి జరిగారు.

"ఏం కావాలవ్వా?" అంది వడ్డనమ్మ.

"నాకేం వద్దు. ఊరికే నీ పక్కన కూర్చుందామని. కొట్టు పెట్టి ఎన్నాళ్లయింది?"

"పదకొండేళ్లు."

"చిన్నదానివే. రేపు గూడా ఈళ్లే రావాలా, వేరే ఎవురన్నా వస్తారా?"

"ఈళ్లే అవ్వా. ఎనభై ఆరుమంది."

"మరి అయినోళ్ల తూకంలో చెయ్యి పెడితే ఎట్టా? బస్సెక్కి పొయ్యేవాడి దగ్గర చేస్తారు అట్టాంటి పనులు. నేను అదీ చెయ్యలేదనుకో. పొయ్యి, ముందు ఆ పిల్లకి పొయ్యి. ఆగు. తొందరెందుకు. ముల్లు నిలవనియ్యి."

బియ్యం పడ్డాయి. నాగమల్లి తన తక్కెడలో తూచి, మూడొందలని తలూపింది.

"కొసరెయ్యి వడ్డనమ్మా" అన్నాడు వెనక నుంచి హజరత్. వాడికి ఎప్పుడు ఏం మాట్లాడాలో తెలియదు.

యంత్రం ఆగిపోయింది. మూడు సెకన్లు కాదు, చాలాసేపు. నేను పంపు మనిషిని కాబట్టి కాలిపోయిన వాసన వస్తుందేమోనని చూశాను.

"అందరికీ ముల్లు నిలబెడితే కొసరు ఎక్కడ్నించి తేవాలవ్వా? ఉండేది అంతే గదా" అంది.

మూడు వారాలుగా నేను పిల్లల చేత అనిపించాలని చూస్తున్న మాట అదే. పాఠంలో లావు అక్షరాల్లో ఉంది. మా తరగతిలో దాన్ని మొదట అర్థం చేసుకుంది వడ్డనమ్మ.

గురవమ్మవ్వ నవ్వింది. "వంకాయలమ్మేదాన్ని నేను వంకాయ కొసరేస్తానా? నాలుగు దినాల్లో గంప ఎత్తేసుకోవాల్సిందే. కరివేపాకు ఏసేదాన్ని. నాకాడ మిగిలేది అదే. నీకాడ మిగిలేది ఏంది?"

"నాకాడ ఏదీ మిగల్దు."

"ఆయనకాడ మిగిలిద్ది." ఆమె నావైపు గడ్డం ఎత్తి చూపింది. "పొద్దస్తమానం కోసి పారబోస్తానే ఉంటాడు."

నిజమే. గాలి జల్లెడకు అడ్డం పడుతుందని నేను రోజూ కొట్టేస్తున్న కరివేపాకు రెండు బకెట్లుంటుంది. అది ఎవరి వంతులోనూ లేదు. పన్నెండేళ్లుగా పారేస్తున్నాను.

బకెట్లు తెచ్చాను. ఆ పొద్దు నుంచి ముల్లు నిలిచాక, అడిగినవాళ్లకూ అడగనివాళ్లకూ ఒక్కో రెమ్మ. వెనకటి తూకాల్లో పోయినదంతా ఇచ్చేస్తానని వడ్డనమ్మ అవ్వతో అంది.

"వద్దులేవే" అంది అవ్వ. "నేర్చుకునేటప్పుడు నేను గూడా రెండు గంపలు పోగొట్టుకున్నా."

171వ రోజు

ఇళ్లన్నీ కరివేపాకు వాసన. గాలి జల్లెడ శుభ్రంగా ఉంది. తవ్వకం పనివాళ్లు నమస్కారాలు మానేశారు. రెమ్మకు ఎవరు నమస్కారం పెడతారు? హజరత్ వాళ్ల నాయన ఇంకా అంకెల వైపు చూస్తూనే ఉన్నాడు. అవ్వ ఆయన్ను చూసి ముఖం తిప్పుకుంటుంది. ఎస్తేరు తూచింది. అవ్వ ముప్పావు కిలో పెరిగింది. గాజులు ఇప్పుడు మోచేతికి సగం దూరంలోనే ఆగుతున్నాయి.

178వ రోజు

కింద నుంచి పరీక్ష కాగితాలు దిద్ది పంపారు.

'వనరులు పరిమితం అనగా నేమి? ఉదాహరణతో వివరింపుము.' హజరత్ జవాబు: 'ఉండేది అంతే గదా అవ్వా.' దానికి అర మార్కు. ఎర్ర సిరాలో 'అవ్వ ఎవరు?' అని రాశారు.

'ఉచితం అనగా నేమి?' నాగమల్లి జవాబు: 'ఎవరి సంచీలో తగ్గిందో ఇంకా తూచలేదని అర్థం.' దీనికి సున్నా. జవాబు పుస్తకంలో లేదట. దస్తూరీ బాగున్నందుకు ఒక మార్కు.

తొమ్మిది మందీ పాసయ్యారు. దస్తూరీ నేనే నేర్పాను.

180వ రోజు

పాఠం ముగిసింది కాబట్టి ఈ పొద్దు దినచర్యలో చివరి గడి నింపాలి. 'ఈ పాఠము ద్వారా ఉపాధ్యాయుడు గ్రహించినది' అని ఉంది. మూడు గీతల చోటు. పొద్దున్నే, కొట్టుకు పోకముందే రాద్దామని కూర్చున్నాను.

కూర్చున్నానో లేదో హజరత్ వచ్చాడు.

"సారూ, వడ్డనమ్మ ఎవురికీ పొయ్యలా ఇంకా. బోణీ కాలేదంట."

అవ్వ రోజూ పీటేసుకుని దాని పక్కన కూర్చుంటుంటే ఇంకేం నేర్పుతుందోనని అనుకుంటూనే ఉన్నాను.

"వరుసలో ముందున్నవాళ్లను చెయ్యమనరా."

"ఒప్పుకోలా. మంచి చెయ్యి ఎవురిదవ్వా అని అది అడిగితే, మాలకొండయ్యది అని అవ్వ చెప్పిందంట. మీరొస్తేనే తలుపు తీస్తదంట."

వాడి ముఖం చూశాను. ఆటపట్టిస్తున్నట్టు లేదు. నా చెయ్యి తిప్పి చూసుకున్నాను. గ్రీజు, కరివేపాకు పసరు.

"అవ్వ నవ్వతా చెప్పిందా, మామూలుగా చెప్పిందా?"

"మామూలుగానే చెప్పింది సారూ."

ఈ గడి నింపి వస్తానని చెప్పమని వాణ్ణి పంపేశాను. మూడు గీతలే గదా. ఉపాధ్యాయుడు గ్రహించినది ఏమనగా, అమ్మే వైపు ఒకసారి కూర్చోకుండా ధర గురించి గానీ కొసరు గురించి గానీ ఎవరికీ పాఠం చెప్పకూడదు. రెండోది ఏమనగా, ఇదుగో ఎస్తేరు కూడా కేకేస్తోంది, "మాలకొండయ్యన్నా, ఎనభై అయిదు సంచులన్నా ఇక్కడ" అని, వస్తున్నానమ్మా, సంచీ ఎక్కడ పెట్టానో, రెండోది ఏమనగా, మనిషి చెయ్యి మంచిదో కాదో చెప్పాల్సింది